స్వర్గీయ సర్వర్

కొయ్యపేట సర్వర్ పోయిందని రాసింది నేనే. కాదనను. ఇంత దూరం వస్తుందని తెలిస్తే "ఆగింది" అని రాసేవాణ్ణి, "మొరాయించింది" అని రాసేవాణ్ణి, అసలు రాయకుండా నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి కూడానేమో. కానీ మనవాళ్ళెవరైనా ఏమంటారండీ? కరెంటు పోయింది, ఫోను పోయింది, సర్వర్ పోయింది అనే కదా! నేనూ అదే అన్నాను.

మాది తీర అనుమతుల సంచాలక కార్యాలయం. పేరు పెద్దదే గానీ పని చిన్నది. కొయ్యపేట రేవు నుంచి వేటకు వెళ్ళే ప్రతి పడవకీ ఒక చీటీ ఇవ్వాలి. పడవ పేరేమిటి, ఎంతమంది ఎక్కుతున్నారు, ఎప్పుడు తిరిగొస్తారు అన్న సంగతులు చెబితే సర్వర్ చీటీ ఇస్తుంది. చీటీ లేకుండా బయల్దేరితే మెరైన్ పోలీసులు సగం దారిలోనే వెనక్కి తిప్పి పంపుతారు. ఆ సర్వర్‌ని కనిపెట్టుకుని ఉండే కాంట్రాక్టు ఇంజనీర్ని నేను. పేరు తవిటినాయుడు.

నేనుండేది విశాఖలో, హెడ్డాఫీసులో. సర్వర్ ఉండేది కొయ్యపేటలో, రేవు గట్టు మీద, ఒక చిన్న గదిలో. హెడ్డాఫీసులో చల్లటి గది ఖాళీగా పడుంటే దాన్ని తీసుకెళ్ళి ఉప్పుగాలిలో ఎందుకు పెట్టారని మీరడుగుతారు. నేనూ అడిగాను. సముద్రానికి సంబంధించిన సర్వర్ సముద్రానికి దగ్గరగా ఉండటమే సబబని ఒక సమావేశంలో తీర్మానించారట. అడవుల పనిచూసే ఆఫీసులో నాకొక స్నేహితుడున్నాడు. వాడి సర్వర్ గతి తలుచుకుంటే భయమేస్తుంది.

ఆ గదికి వేలిముద్ర తాళం పెట్టారు. వేలు పెడితే, ఆ వేలు ఎవరిదో సర్వర్ చూసి తలుపు తీయిస్తుంది. చాలా గొప్ప ఏర్పాటు. సర్వర్ పడుకుంటే మాత్రం తలుపు రాదు. తలుపు రాకపోతే సర్వర్‌ని లేపలేం. తలుపు పగలగొట్టొచ్చు కదా అంటారు. పగలగొట్టొచ్చు. సర్కారు తలుపు పగలగొట్టడానికి అనుమతి తెచ్చుకునేలోగా ఉప్పుగాలికి అదే ఊడిపోతుంది.

అందుకే కన్సోల్ అని ఒకటుంది. పెద్ద పెట్టెలో ఒక చిన్న పెట్టె ఉంటుందనుకోండి. పెద్దది పడుకున్నా చిన్నది మేలుకునే ఉంటుంది. దాని ద్వారా నేను విశాఖలో నా బల్ల దగ్గర కూర్చుని, కొయ్యపేట తెర మీద ఏముందో చూడొచ్చు. ఇక్కడ మీట నొక్కితే అక్కడ నొక్కినట్టే. దాన్నే రిమోట్ కన్సోల్ అంటారు. దొంగలు దూరకుండా ఆ దారి మూసి ఉంచుతారు. సంచాలకులు సంతకం పెట్టిన కాగితం చూపిస్తేనే తెరుస్తారు.

వేసవిలో రెండు నెలలు వేట నిషేధం. ఆ నిషేధం తీరే ముందురోజు కొయ్యపేటలో గాలి వీచి కరెంటు పోయింది, మళ్ళీ వచ్చింది. సర్వర్ లేచింది గానీ పూర్తిగా లేవలేదు. కరెంటు పోయినప్పుడల్లా దానికి గడియారం తప్పుతుంది. "నా టైము తప్పింది, ముందుకు సాగాలంటే ఎఫ్ వన్ నొక్కండి" అని అడుగుతూ నిలబడిపోతుంది. నొక్కితే చాలు, మామూలుగా పనిచేస్తుంది. నొక్కకపోతే యుగాంతం దాకా అక్కడే నిలబడుతుంది. అదీ దాని స్వభావం.

మర్నాడు పొద్దున్నే నాకు ఫోను వచ్చింది.

"బాబూ, తలుపు మీద నీ నెంబరుంటే సేత్తన్నాను. నాను దానమ్మని, సూరాడ దానమ్మని. ఈ మిషను సీటీ ఇవ్వట్నేదు. ఏటైనాది దీనికి?"

"కరెంటు పోయొచ్చింది కదమ్మా, ఆగిపోయింది. లేపుతాం."

"బేగి లేపీ బాబూ. రెణ్ణెల్లు ఒడ్డున కూకున్నాం. మా పడవ మీద పనిసేసే కళాసీలు శనోరం బండికి గుజరాతు ఎల్లిపోతామంటన్నారు. ఆడ పెద్ద బోట్లోళ్ళు పిలస్తన్నారంట. మా మావ కూడా సంచీ సర్దీసినాడు. ఓపాలి ఎల్లినోళ్ళు ఏడాదికి గానీ రారు. మడుసుల్నేని పడవెందుకు నాకు, పొయ్యిలోకా?"

ఆ మాటకి నాకు ప్రాణం ఉసూరుమంది. ఒక్క మీట నొక్కితే తీరే కష్టం కదా ఇది! వెంటనే కాగితం తీసి రాశాను: "కొయ్యపేట సర్వర్ పోయింది. రిమోట్ కన్సోల్‌కి అనుమతి ఇస్తే ఇక్కడి నుంచే ఒక కీ నొక్కి లేపగలను. అత్యవసరం."

మామూలు రోజుల్లో అయితే ఆ కాగితం టీ చల్లారేలోపు సంతకమై వచ్చేది. కానీ అవి మామూలు రోజులు కావు.

అంతకు ముందు వారమే మా సంచాలకులు కుప్పిలి సత్యకామరావు గారు ఒక సభకు వెళ్ళి శాలువా కప్పించుకుని వచ్చారు. ఆ సభలో మాతృభాష గురించి ఎవరో ఉపన్యసించారట. ఈయన కళ్ళు చెమర్చాయట. తిరిగొచ్చీ రాగానే ఉత్తర్వు ఇచ్చారు: ఇకమీదట ఈ కార్యాలయంలో ఏ కాగితం మీదా ఒక్క పరభాషా పదం కనబడరాదు. నేను తెలుగు మీద పగబట్టినవాణ్ణేమీ కాదు. పద్యం వింటే ఆగి వినే రకాన్నే. కానీ ఫైలు దస్త్రమైంది, ఏసీ చల్లదనపు పెట్టె అయింది, టీ తేనీరైంది. తేనీరు పట్రమ్మంటే క్యాంటీనాయన తేనె కలిపిన నీళ్ళు తెచ్చిచ్చాడు. సంచాలకులు తాగి, బాగుందన్నారు.

ఆ ఉత్తర్వు అమలు చేయడానికి ఓలేటి మృత్యుంజయశర్మ గారిని శుద్ధభాషాధికారిగా వేశారు. ఏ కాగితమైనా ముందు ఆయన దగ్గర స్నానం చేసి గానీ పైకి పోకూడదు. నా కాగితం కూడా స్నానం చేసింది. ఇలా తేలింది: "కొయ్యపేట సేవకుడు పోయెను. మారుమూలనున్న వారిని ఓదార్చుటకు అనుమతి దయచేసినచో, ఇచ్చటి నుండియే ఒక తాళపుచెవి నొక్కి లేపగలవాడను."

చదివి నేను పరుగెత్తాను.

"శర్మగారూ, ఏమిటండీ ఇది! సేవకుడెవరు?"

"సర్వర్. సేవ చేయువాడు. తప్పా?"

"ఓదార్చడమేమిటి?"

ఆయన నా వైపు జాలిగా చూసి, నిఘంటువు తీసి నా ముందుకు తోశారు. "కన్సోల్ అన్న చోట చూడండి నాయనా. ఓదార్చుట, ఊరడించుట, పరామర్శించుట. నేను పుట్టించలేదు."

"అది మిషను అండీ. యంత్రం!"

"యంత్రమైతే చెడిపోవును. మీరేం రాశారు? పోయింది అని రాశారు. మా అత్తగారు పోయారు. మా మిక్సీ చెడిపోయింది. రెండింటికీ తేడా లేదా? మీరు చెడిపోయింది అని రాసి ఉంటే నేను యంత్రమనుకునేవాణ్ణి. భాష విషయంలో మీకు శ్రద్ధ లేక, నన్నంటే ఎలా?"

పోనీ, కొత్తగా రాసిస్తానన్నాను. ఒకసారి శుద్ధి అయిన కాగితాన్ని మళ్ళీ శుద్ధి చేయడానికి ఉత్తర్వులో వీలు లేదట. కొత్త కాగితం పెడితే అది వరసలో అన్నిటికంటే వెనక నిలబడాలట. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. పేరు ఏదైతేనేం, కన్సోల్‌కి అనుమతి కన్సోల్‌కి అనుమతే. ఓదార్చుటకు అని రాసి సంతకం పెట్టినా ఆ దారి తెరిచేవాడికి నేను నచ్చజెప్పుకోగలను. సంతకం ముఖ్యం. అలా అనుకుని కిమ్మనకుండా వచ్చి కూర్చున్నాను. అదే నేను చేసిన పొరపాటు.

సాయంత్రానికి కాగితం సంచాలకుల గది నుంచి బయటకొచ్చింది. ఆకుపచ్చ సిరాతో ఇలా ఉంది: "దిగ్భ్రాంతి కలిగినది. విధి నిర్వహణలో అసువులు బాసిన సేవకుని కుటుంబమును ఆదుకొనుట మన కనీస ధర్మము. సిబ్బంది విభాగము తగు చర్య గైకొనవలెను. తాళపుచెవి విషయము విజిలెన్సు వారికి పంపవలెను." విజిలెన్సు అన్న పరభాషా పదం ఆయన చేతి నుంచే ఎలా జారిందో తెలియదు. దాని కింద శర్మగారు ఎర్రగీత గీశారు.

విజిలెన్సు వాళ్ళ దగ్గర్నుంచి మర్నాడే నాకు తాఖీదు వచ్చింది. "తాళపుచెవిని నొక్కెదననియు, తదుపరి లేపెదననియు ఒక ఉద్యోగి ముందుగానే లిఖితపూర్వకముగా తెలియజేసిన ఉదంతము మా విభాగమున ఇదియే మొదటిది. సాధారణముగా నొక్కిన పిమ్మటనే మాకు తెలియును. మీ నిజాయితీని మెచ్చుకొనుచున్నాము. అయినను మిమ్మల్ని ఎందుకు శిక్షింపరాదో తెలుపవలెను." నొక్కడం అంటే వేలితో నొక్కడమని జవాబు రాశాను. వేలిముద్రలు పంపమని అడిగారు.

సిబ్బంది విభాగంలో సూపరింటెండెంటు కమలకుమారి గారు. నెమ్మదైన మనిషి, కళ్ళద్దాల పైనుంచి చూసి మాట్లాడుతుంది. నన్ను పిలిచి కూర్చోమంది.

"మృతుడు ఉద్యోగంలో చేరిన తేదీ చెప్పండి."

"మేడమ్, మీకైనా తెలియాలి కదా. అది కంప్యూటరు!"

"నాకు తెలుసు నాయుడుగారూ. మా ఇంట్లోనూ ఒకటుంది."

"మరి?"

"కానీ దస్త్రంలో లేదు. దస్త్రంలో సేవకుడున్నాడు, పోయాడు. దస్త్రంలో ఉన్నదానికి నేను జవాబు చెప్పుకోవాలి. లోకంలో ఉన్నదానికి ఎవరు చెప్పుకుంటారో వాళ్ళు చెప్పుకుంటారు. చేరిన తేదీ?"

సర్వర్ బిగించిన తేదీ చెప్పాను. సెలవులు ఏమైనా వాడుకున్నాడా అని అడిగింది. ఒక్కటీ వాడలేదన్నాను. ఆవిడ కలం ఆపి, "పాపం" అంది. ఆ పాపం నిజంగానే అన్నట్టు వినిపించింది.

"దగ్గరి బంధువులెవరైనా ఉన్నారా?"

ఇక నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు లేరండీ, మదర్‌బోర్డు ఉంది. అది నిక్షేపంగా ఉంది!" అనేసి లేచి వచ్చేశాను.

వెటకారం చేసే ముందు ఆ మాట ఎక్కడికి పోతుందో చూసుకోవాలి. నా మాట కమలకుమారి గారి కలంలోంచి శర్మగారి దగ్గరికి పోయి, శుద్ధి అయి తిరిగొచ్చింది. దస్త్రంలో ఇలా చేరింది: "మృతునికి తల్లి కలదు. ఆమె బోర్డు వద్ద నుండును. ఆరోగ్యము నిక్షేపము."

సంచాలకులు అది చదివి చలించిపోయారు. "కన్నతల్లి బతికుండగా కొడుకు పోవడమా! ఇంతకన్నా దారుణం ఏముంటుందండీ!" అని నన్నే అడిగారు. కారుణ్య నియామకం కింద ఆ తల్లికే కొడుకు ఉద్యోగం ఇచ్చేయాలని నిర్ణయించారు. ఉత్తర్వు అక్కడికక్కడే తయారుచేయించారు. తల్లి పేరు ఎవరికీ తెలియదు గనక ఆ చోటు ఖాళీగా ఉంచారు. స్వయంగా వెళ్ళి పరామర్శించి, ఉత్తర్వు చేతిలో పెట్టి రావాలని కూడా అనుకున్నారు. "ఓదార్చుటకు అనుమతి అడిగినవారు మీరే కదా, మీరూ రండి" అన్నారు నన్ను. దూరం నుంచి ఓదార్చుటకు కదా అడిగిందని గొణిగాను. "మనిషి పోయిన ఇంటికి ఫోను చేసి ఊరుకుంటారా ఎవరైనా? మీకు పెద్దవాళ్ళు ఏమీ చెప్పలేదా?" అని మందలించారు.

బయల్దేరే ముందు మా ఆఫీసులోనే సంతాపసభ జరిగింది. సర్వర్ అమ్మిన కంపెనీ వాళ్ళ కాగితంలోంచి బొమ్మ కత్తిరించి, పటం కట్టించి, దండ వేశారు. నల్లటి పెట్టె, మధ్యలో ఒక పచ్చదీపం. పటం ముందు అగరుబత్తి వెలిగించారు. సంచాలకులు మాట్లాడారు.

"ఆయన పగలనక రాత్రనక పనిచేశారు. ఎంతమందికో చీటీలిచ్చారు. ఏనాడూ ఎవరి దగ్గరా చేయి చాపలేదు."

చేతులుంటే కదా అనుకున్నాను.

"ఎంత ఒత్తిడి వచ్చినా వేడెక్కేవారే తప్ప నోరు జారేవారు కాదు. ఇవాళ మన మధ్య అలాంటి సేవకులు ఎంతమంది ఉన్నారు? గుండె మీద చేయి వేసుకుని చెప్పండి!"

అందరం తలలు దించుకున్నాం. ఆ ప్రశ్నకు తల దించుకోవడం తప్ప చేసేదేముంది? శర్మగారు ఒక సీసపద్యం చదివారు. తర్వాత రెండు నిమిషాలు మౌనం. ఆ మౌనంలోనే నా ఫోను మోగింది.

"బాబూ, లేచిందా?"

"కాస్సేపాగి చేస్తానమ్మా," అన్నాను గొంతు బాగా తగ్గించి. "ఇక్కడ మౌనం పాటిస్తున్నాం."

"అయ్యో. ఎవులు పోనారు బాబూ?"

"సర్వర్ పోయింది."

"అదే గదా నానూ సెప్తంట!" అంది దానమ్మ. ఆవిడ గొంతు పెద్దది. హాలంతా వినబడింది. "బాబూ, రేపే శనోరం. బండి సాయంత్రమే. మా మావ సూటుకేసుకి తాడు కట్టీసినాడు. ఏదో ఒకటి సెయ్యి బాబూ, నీకు దండమెడతాను."

నేను పటం వైపు చూశాను. పచ్చదీపం బొమ్మలో నిక్షేపంగా వెలుగుతోంది. ఒక్క మీట కోసం ఒక సంసారం రైలెక్కిపోతుంటే ఇక్కడ మేం అగరుబత్తులు వెలిగించుకుంటున్నాం. సిగ్గేసింది. ఆ మీట నొక్కడానికి నాకు దారి లేదు. దారి తెరవాల్సిన కాగితమేమో విజిలెన్సు దగ్గర నా వేలిముద్రల కోసం ఎదురుచూస్తోంది.

మర్నాడు జీపులో బయల్దేరాం. ముందు సీట్లో సంచాలకులు, వెనక శర్మగారు, కమలకుమారి గారు, నేను, ఒక అరటిపళ్ళ గెల. హైవే దిగాక తారు రోడ్డు మట్టి రోడ్డయింది, మట్టి రోడ్డు ఇసుకైంది. జీపు ఆగిపోతే దిగి నడిచాం. శర్మగారు చెప్పుల్లోని ఇసుక దులుపుకుంటూ నా వైపు తిరిగారు.

"చూశారా? మారుమూలే. నా అనువాదం తప్పన్నారే!"

కొయ్యపేట రేవులో పడవలన్నీ ఒడ్డున బారుగా పడున్నాయి. వలలు కుప్పలు పోసి ఉన్నాయి. కొందరు మగవాళ్ళు దువ్విన జుట్టుతో, ఇస్త్రీ చొక్కాలతో, సంచులు పక్కన పెట్టుకుని నీడలో కూర్చున్నారు. వేటకు వెళ్ళేవాళ్ళు ఇస్త్రీ చొక్కా వేసుకోరు. సాయంత్రం బండికి తయారైనవాళ్ళన్నమాట.

రేవు గట్టు మీద మా గది. గది ముందు మా శాఖ బోర్డు, ఇనప కాళ్ళ మీద. దాని కింద, ఆ కాస్త నీడలో, ఒక నడివయసు ఆడమనిషి మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చునుంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. గొంతు వినకుండానే గుర్తుపట్టాను.

సంచాలకులు కూడా గుర్తుపట్టారు, ఆయన పద్ధతిలో. గెల నా చేతికిచ్చి, రెండు చేతులూ జోడించి, గద్గద స్వరంతో, "అమ్మా," అన్నారు. "జరిగిందంతా విన్నాం."

"పోనాది బాబూ!" దానమ్మకి ఏడుపు ఆగలేదు. "అంతా పోనాది! వారం నుంచీ ఈ తలుపు కాడే కూకున్నాను. కొట్టినాను, పిలిసినాను, ఉలకదు పలకదు!"

సంచాలకులు జేబురుమాలు తీశారు.

కమలకుమారి గారు దస్త్రం విప్పి బోర్డు వైపు చూసింది. బోర్డు కింది మనిషి వైపు చూసింది. "మీరు తల్లేనా అమ్మా?"

"తల్లినే గదమ్మా, ఇద్దరు గుంటలు," అంది దానమ్మ ముక్కు చీదుకుంటూ. "ఈలకేటి ఎట్టమంటారు?"

"సార్, ఈవిడ సర్వర్‌కి..." అని నేను నోరు తెరిచాను. కమలకుమారి గారు నా కాలు తొక్కింది. పొరపాటున తొక్కినట్టు కాదు, మడమ ఆనించి తొక్కింది.

ఆవిడ బోర్డు కింద కూర్చుని, ఉత్తర్వులో ఖాళీగా ఉన్న చోట పేరు అడిగి రాసింది. తర్వాత లేచి, అందరికీ వినబడేలా చదివింది.

"కొయ్యపేట రేవునందు విధి నిర్వహణలో పోయిన సేవకుని స్థానమున, అతని సమస్త విధులు, బాధ్యతలు, అధికారములతో, శ్రీమతి సూరాడ దానమ్మను తక్షణమే నియమించడమైనది."

సంచాలకులు ఉత్తర్వు ఆవిడ చేతిలో పెట్టి, అరటిపళ్ళు ఇప్పించి, సముద్రం వైపు చూస్తూ కాసేపు నిలబడ్డారు. మనసు కుదుటపడిందన్నారు. శర్మగారితో కలిసి జీపు వైపు నడిచారు.

"మేడమ్," అన్నాను నేను, వాళ్ళు కాస్త దూరమయ్యాక. "ఏం చేశారో మీకు తెలుసా?"

"నాకు తెలుసు నాయుడుగారూ." కళ్ళద్దాల పైనుంచి ఇస్త్రీ చొక్కాల వైపు చూసింది. "సాయంత్రం బండి సంగతీ తెలుసు. నిన్న మౌనంలో అందరం విన్నాం కదా. సర్వర్ చేసే పనేమిటో ఆవిడకి చెప్పండి, త్వరగా!"

దానమ్మకి ఇంకా అర్థం కాలేదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూస్తోంది. "ఏటి బాబూ ఇది? నన్నేటి సెయ్యమంటన్నారు?"

"ఇవాళ్టి నుంచి నువ్వే సర్వర్‌వమ్మా."

"నానా?"

"నువ్వే. పడవ పేరు, ఎంతమంది, ఎప్పుడొస్తారు. ఇవడిగి, చీటీ మీద రాసి, సంతకం పెట్టు. ఉత్తర్వులో సమస్త అధికారాలూ అని ఉంది. నువ్విచ్చిన చీటీ సర్వర్ ఇచ్చిన చీటీయే. పోలీసులు అడిగితే ఈ కాగితం చూపించు."

దానమ్మ నా మొహంలోకి చూసింది, తలుపు వైపు చూసింది, కమలకుమారి గారి వైపు చూసింది. తర్వాత చీరకొంగు నడుముకి చుట్టి, గట్టెక్కి, రేవంతా అదిరేలా అరిచింది.

"ఓలప్పో! రండర్రా! మిషను లేచీసినాది!"

నేను బతుకులో చాలా సర్వర్లు చూశాను. అంత వేగంగా లేచినదాన్ని చూడలేదు. జనం ఒక్కసారిగా మీద పడ్డారు. వరసలో రమ్మని కసిరింది. వరస తప్పినవాణ్ణి వెనక్కి పంపింది. ఎవరో ఆరుగురం అని చెప్పి ఏడుగురు నిలబడితే, ఏడోవాడి చెవి పట్టుకుని ముందుకి లాగి లెక్కలో రాసింది. మా పాత సర్వర్ ఎవరి చెవీ పట్టుకునేది కాదు. అందరూ అయ్యాక ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన నవ్వుకుంటూ వచ్చి చేయి చాపాడు.

"పడవ పేరు?" అంది దానమ్మ తలెత్తకుండా.

"ఒసే, మన పడవే కదే!"

"పేరు సెప్పు. నానిప్పుడు నీ పెళ్ళాన్ని కాను, సర్వర్ని."

గౌరీసు అనే ఆ పెద్దమనిషి పడవ పేరు చెప్పాడు, మనుషుల లెక్క చెప్పాడు, ఎప్పుడొస్తాడో కూడా చెప్పాడు. చీటీ తీసుకుని సూటుకేసు తాడు విప్పాడు. ఆ తాడునే పడవలోకి విసిరేశాడు. మేం జీపెక్కే సరికి కొయ్యపేట ఒడ్డున ఒక్క పడవా లేదు. బండికి ఎవరూ వెళ్ళలేదు.

ఇక్కడితో కథ ముగిస్తే బాగుండును. కానీ నా కాగితం ఇంకా తిరుగుతోంది కదా.

మర్నాడు ఆదివారం. సోమవారం నాడు అది నా బల్ల మీదకి చేరింది. "ఓదార్చుటకు అనుమతించడమైనది. నొక్కుట, లేపుట విషయములు పరిశీలనలో నున్నవి." దారి తెరిచేవాడికి ఆ కాగితం చూపించాను. వాడు పైనుంచి కిందికి చదివి, నన్ను పైనుంచి కిందికి చూసి, తెరిచాడు. ఇన్నాళ్ళకి నా తెర మీద కొయ్యపేట తెర కనబడింది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. టైము తప్పింది, ముందుకు సాగాలంటే ఎఫ్ వన్ నొక్కండి. పాపం, వారం నుంచీ ఆ మాటే అడుగుతూ నిలబడుంది.

వేలు మీట మీదకి పోయింది. నొక్కితే ఎవరికి తెలుస్తుంది? సంచాలకులు నా వెనకే నిలబడున్నారని గమనించలేదు.

"వద్దు!" అన్నారు. "మరణించిన సేవకుడు లేచాడనుకోండి. కారుణ్య నియామకం చెల్లదు. నియామకం చెల్లకపోతే ఆవిడిచ్చిన చీటీలు చెల్లవు. పడవలు సముద్రంలో ఉన్నాయి. నేను సంతాపసభలో మాట్లాడినది పత్రికలో వచ్చింది. ఆలోచించండి!"

ఆలోచించాను. పడవలు సముద్రంలో ఉన్నాయన్న ఒక్క మాట మాత్రం నిజం. వేలు వెనక్కి తీసుకున్నాను. పడవలన్నీ తిరిగొచ్చాయని తెలిశాక, ఎవరూ లేనప్పుడు దానమ్మకి ఫోను చేశాను. దాచడం నాకు చేతకాదు.

"అమ్మా, నేను ఒక మీట నొక్కితే మిషను లేస్తుంది. నొక్కమని ఎవరూ చెప్పలేదు. కానీ నొక్కగలను. నొక్కితే చీటీలు మళ్ళీ అదే ఇస్తుంది."

"మరి నాను?"

"నువ్వుండవు. ఉద్యోగం పోతుంది."

అటు పక్క సముద్రం హోరు, జనం గోల. ఎవరో పడవ పేరు అరుస్తున్నారు.

"బాబూ, మళ్ళీ కరెంటు పోతే అదేటవుద్ది?"

"మళ్ళీ పోతుంది."

"నాను పోను గదా?"

"పోవు."

"మరింకేటి?" అంది. ఎవరినో వరసలో నిలబడమని కసిరింది. తర్వాత ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, "ఆనక సెయ్యి బాబూ, సర్వర్ బిజీ," అని పెట్టేసింది.